పైకి పడే నీడలు

సాయంత్రానికల్లా ఆ గోడ బతుకు తేలిపోతుంది. చేపల సందులోని ఏడంతస్తుల ఇంట్లో వాటాలున్న వాళ్ళంతా మెట్ల కింది జాగాలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. కాసేపు ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటారు. తర్వాత చేతులెత్తుతారు. ఎత్తిన చేతులు ఎక్కువైతే రేపు పొద్దున్నే పనివాళ్ళు పరంజీ కట్టి, ఆ గోడ మీద ఉన్న బొమ్మలన్నిటినీ ఒకే ఒక్క పసుప్పచ్చ పూత కింద పూడ్చేస్తారు.

ప్రాస్పెరో కనేపా దగ్గర అప్పటికి ఒక్క ఫొటో లేదు.

ఉన్నాయి, కావలసినన్ని ఉన్నాయి. పనికొచ్చేది లేదు. మూడు వారాల కింద, ఆ గోడ ఎదురుగా రొట్టెల కొట్టు నడిపే లింబానియా తన గుమ్మం ముందు అతన్ని ఆపి, "కొండల్ని అంత బాగా తీస్తారు కదా, మా నాన్న గోడని ఒక్కసారి తీసిపెట్టండి. దాన్ని చూసినవాడు చెయ్యెత్తడానికి సిగ్గుపడాలి, అలా తియ్యండి" అని అడిగింది. కాదనలేక ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక గోడని చూశాడు. చూశాక, ఎందుకు ఒప్పుకున్నానా అనుకున్నాడు.

ఎందుకంటే ఆ గోడ మీద నీడలు తప్పు.

ఇటలీలోని జెనోవాలో పుట్టిన ఎవడి కంటికైనా అది ఇట్టే దొరికిపోతుంది. ఆ ఊళ్ళో గోడలకి స్తంభాలుండవు, స్తంభాల బొమ్మలుంటాయి. కిటికీల్లో సగం తెరుచుకుంటాయి, సగం రంగుతో వేసినవి. బొమ్మ కిటికీకి బొమ్మ తలుపులు, వాటి కింద బొమ్మ గట్టు, గట్టు కింద రంగుతో వేసిన నీడ. ఆ నీడలోనే ఉంది ప్రాణమంతా. అది కుదిరితే చదును గోడ రాయై ముందుకొస్తుంది, కుదరకపోతే పిల్లలు గీసిన బొమ్మలా ఉంటుంది. అందుకే గోడల మేస్త్రీలకి తాతల నాటి కట్టుబాటు ఒకటుంది. ఎండ ఎడమవైపు పైనుంచి వస్తున్నట్టు వెయ్యాలి, నీడ కుడికీ కిందికీ పడాలి. లింబానియా తండ్రి అంపేలియో త్రవేర్సో మాత్రం నలభై ఏళ్ళ కింద ఈ ఒక్క గోడ మీద నీడలన్నిటినీ పైకి వేశాడు. గట్టు కింద ఉండాల్సిన చీకటి గట్టు పైన ఉంది. పూలదండల కడుపు కింద వెలుగు, వీపు మీద మసి. ఎండ మోరీలోంచి పొడుచుకొచ్చినట్టు.

పరంజీ విప్పిన రోజునే ఊరు నవ్వింది. "త్రవేర్సో తాగేసి సూర్యుణ్ణి మురిక్కాలవలో వేలాడదీశాడు" అన్నారు. పని అడగడానికి అతను ఏ గుమ్మం ముందుకి వెళ్ళినా ఆ మాట అతని కంటే ముందే చేరి కూర్చునేది. మళ్ళీ ఎవరూ అతనికి గోడ ఇవ్వలేదు. పడవల మీద పేర్లు రాసుకుని, కొట్ల తలుపులకి రంగులేసుకుని బతికాడు. ఎందుకలా వేశావయ్యా అంటే ఎవరికీ జవాబు చెప్పలేదు, కన్నకూతురికి కూడా. చేపల సందులో మళ్ళీ అడుగు పెట్టలేదు.

అలాంటి గోడని కాపాడే ఫొటో తియ్యాలి, అదీ కొండలు తీసుకునే వాడు.

ప్రాస్పెరోకి ఊళ్ళ మీద మంచి అభిప్రాయం లేదు. చదువు అబ్బక బడి మానేసి, వీపు మీద చెక్క కెమెరా మోసుకుంటూ కొండలెక్కినవాడు. ముప్పై ఏళ్ళు కేలండర్లకి శిఖరాలు తీశాడు. కేలండర్లు కొన్నవాళ్ళకి శిఖరం పేరు తెలుసు, తీసినవాడి పేరు తెలియదు. మోకాళ్ళు అరిగిపోయాక కొండ అతన్ని ఊళ్ళోకి దింపేసింది. ఊళ్ళో దీపాలుంటాయి గానీ వెలుగుండదని అతని నమ్మకం. అయినా చేతనైన పద్ధతిలోనే చేశాడు. శిఖరం ముందు ఎలా కాపు కాస్తాడో ఈ గోడ ముందూ అలాగే కాశాడు, తెల్లవారుతుంటే ఒకసారి, పొద్దు గూకుతుంటే ఒకసారి. కొండల ఫొటోగ్రాఫరుకి రోజంటే ఆ రెండు చివర్లే. మధ్యలోది తినడానికీ పడుకోడానికీ. నడినెత్తి ఎండలో కెమెరా బయటికి తీసేవాణ్ణి చూసి ఆ పనిలోవాళ్ళు నవ్వుకుంటారు.

పొద్దున గోడ బూడిద రంగులో ఉండేది. సాయంత్రమూ బూడిద రంగే. ఉత్తరం నుంచి దక్షిణానికి కత్తితో కోసినట్టున్న ఆ సన్నటి సందులోకి వాలు ఎండ ఏ పక్కనుంచీ దిగదు.

ఒక్కటి మాత్రం అతన్ని వదలకుండా పట్టుకుంది. నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని కెమెరా వెనక గరుకు అద్దంలోకి చూస్తే ఏ దృశ్యమైనా తలకిందులుగా కనిపిస్తుంది. ఆ తలకిందుల గోడ మీద నీడలు సరిగ్గా ఉండేవి. గుడ్డ తీసి బయటికొస్తే తప్పు. మళ్ళీ దూరితే ఒప్పు. తన కళ్ళకే ఏదో అయిందనుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

ఆ చివరి రోజు మధ్యాహ్నం, ఎప్పట్లాగే కెమెరాని దాని మూడు కాళ్ళ మీద కొట్టు పక్కన, సందు కాస్త వెడల్పయ్యే మూల నిలబెట్టి, లింబానియా కొట్టులో బల్ల ముందు కూర్చున్నాడు. కొట్టంతా కట్టెల పొయ్యి సెగ. ఆమె పెద్ద రాగి పళ్ళెం బయటికి లాగి, శనగపిండి రొట్టె ఫరినాతాని ముక్కలు కోసి మిరియాలు చల్లుతోంది.

"తినండి. ఓడిపోయేవాళ్ళకి ఆకలి ఎక్కువంటుంది మా అమ్మ" అంది.

"ఇంకా ఓడలేదు."

"ఐదో అంతస్తు కొలంబా ఏమందో తెలుసా? 'ఆ కొండలాయనకి గోడ కంటే మీ ఫరినాతా మీదే కన్ను' అంది."

"ఆవిడ చెయ్యి ఎటు ఎత్తుతుంది?"

"ఒత్తావియా ఎటు ఎత్తితే అటు. అందరూ అంతే."

ఒత్తావియా అమ్మగారు, అక్కడి మాటలో సిన్యోరా ఒత్తావియా, ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ వాటాలున్న మనిషి. మూడో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. బొమ్మలు చెరిపెయ్యాలని ఏళ్ళ తరబడి పట్టుబట్టింది ఆవిడే. రోజూ మధ్యాహ్నం వేళకి ఆవిడ కిటికీ పచ్చ తలుపులు బిగించేసి ఉంటాయి. ఎండకి తలనొప్పట.

"ఇదేనా ఆ కెమెరా?"

గుమ్మంలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, టోపీ చేత్తో పట్టుకుని, చావింటికి వచ్చినవాడిలా. లింబానియా చేతిలో కత్తి పళ్ళెంలో పడింది.

"నాన్నా! నువ్విక్కడికి..."

"రాకూడదా? రేపు పూడుస్తారటగా. కడసారి చూపుకి ఎవరైనా రావచ్చు." లోపలికొచ్చి, గోడ కనబడకుండా వీధికి వీపు పెట్టి కూర్చున్నాడు. వచ్చింది దేనికో, కూర్చున్నది ఎటువైపో చూసి ప్రాస్పెరోకి నవ్వూ రాలేదు, జాలీ రాలేదు. లేచి నిలబడ్డాడు.

"మేస్త్రీ..."

"కూర్చో నాయనా. మా అమ్మాయి నిన్ను బాగా ఇరికించిందట. ఎన్నాళ్ళయింది కాపలా కాస్తూ?"

"మూడు వారాలు."

"ఏ వేళప్పుడు?"

"తెల్లారేటప్పుడు. మళ్ళీ పొద్దు వాలేటప్పుడు."

"మధ్యాహ్నం?"

ప్రాస్పెరో తన ముందున్న పళ్ళెం వైపు చూశాడు. "మధ్యాహ్నం ఇదిగో, తింటుంటాను."

ముసలాయన నవ్వాడు. నవ్వితే ముఖంలో గీతలన్నీ కదిలాయి గానీ కళ్ళు కదల్లేదు.

"ఊరంతా అదే చేసింది" అన్నాడు.

ఆ మాట ప్రాస్పెరోకి చుర్రున తగిలింది. "అయితే ఏదో ఉందన్నమాట. మధ్యాహ్నం ఏదో ఉంది. మూడు వారాలుగా నేను మెడలు విరగ్గొట్టుకుంటుంటే ఒక్క మాట చెప్పి పంపించలేకపోయారా?"

"చెబితే?"

"చెబితే ఏమిటి, గోడ బతికేది!"

"నువ్వు కొండని తీస్తావు. కొండ నీతో ఎప్పుడన్నా 'అబ్బాయ్, ఫలానా వేళకి రా, నేను బాగుంటాను' అందా?"

"కొండకి నోరు లేదు. మీకుంది."

"గోడ వేసినవాడు గోడ పక్కన నిలబడి వచ్చేపోయేవాళ్ళకి అర్థం చెప్పుకోవాలంటే, ఇంక గోడ ఎందుకు? నేనే గోడకి ఆనుకుని నిలబడొచ్చుగా."

"చాలించు నాన్నా!" లింబానియా అరిచింది. పొయ్యి సెగకి ఎర్రబడ్డ ముఖం ఇంకా ఎర్రబడింది. "నీ పంతం! నీ పంతం కోసం అమ్మ ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికింది. బళ్ళో నన్ను 'మోరీ సూర్యుడి కూతురా' అని పిలిచేవాళ్ళు, తెలుసా నీకు? ఆ గోడ ఎదురుగా కొట్టెందుకు పెట్టానో తెలుసా? రోజూ చూస్తే ఎప్పటికైనా అర్థమవుతుందని. తెల్లారి లేచి పొయ్యి ముందు కూర్చుంటే మధ్యాహ్నం తలెత్తే తీరికెక్కడ? నాకూ చెప్పలేదు నువ్వు. నాకు కూడా!"

ముసలాయన టోపీని మోకాలి మీద తిప్పుతూ కూర్చున్నాడు.

కోపం ఎటు పోవాలో తెలియక ఆమె నేల తుడిచిన బాల్చీ అందుకుంది. రెండు చేతులా ఎత్తి, నీళ్ళన్నీ గుమ్మంలోంచి సందులోకి విసిరికొట్టింది.

నీళ్ళు నల్లరాళ్ళ మీద జర్రున పాకి, ఎదురు గోడ మొదట్లో ఆగాయి.

ప్రాస్పెరో అప్పుడు చూశాడు.

సూర్యుడు సరిగ్గా సందుకి నెత్తిన ఉన్నాడు. రెండు పక్కల గోడల్లో దేన్నీ ఎండ ముట్టుకోవడం లేదు. వాటి మధ్యనుంచి తిన్నగా దిగి, దారి రాళ్ళ మీద మాత్రం తెల్లటి చారలా పడుకుని ఉంది. ఆ చారలోకి నీళ్ళు వెళ్ళాయి. వెళ్ళిన చోట వెలుగు రాయి మీద నిలవలేకపోయింది. లేచింది. లేచి ఎదురు గోడ పాదాన్ని అందుకుంది. అక్కడ రంగుతో వేసిన బొమ్మ దిమ్మొకటి ఉంది, గట్టుని మోస్తున్నట్టు. మూడు వారాలుగా అతనికి చదును మరకలా కనబడ్డ దిమ్మ. దాని అడుగు మెరిసింది, పైన చీకటి ఒదిగింది, మొత్తం దిమ్మ గోడలోంచి బయటికి వచ్చింది. చెయ్యి పెడితే తగులుతుందన్నట్టు ఉంది. నీళ్ళు ఇంకిపోగానే మళ్ళీ మరకైపోయింది.

అతని మోకాలు తగిలి పళ్ళెం కింద పడింది. చూసుకోలేదు.

ఎప్పుడో కుర్రతనంలో ఒక లోయలో చిక్కుబడ్డాడు అతను. రెండు నిలువు రాతిగోడలు, మధ్య ఏరు. ఎండ రాతిని ముట్టకుండా సూటిగా నీళ్ళ మీద పడేది. రాతిగోడలు కింది నుంచి వెలిగేవి. ప్రతి పగులూ, ప్రతి ఉబ్బూ నీడని నెత్తిన పెట్టుకుని నిలబడేది. ఆ ఫొటో ఏ కేలండరువాడూ తీసుకోలేదు. తలకిందులుగా అచ్చు పడిందేమో అన్నారు.

"మేస్త్రీ," అన్నాడు, కళ్ళు ఆ తడి రాళ్ళ మీదే పెట్టి. "దీన్ని చేపల సందు అంటారు. చేపలు ఎప్పుడు పోయాయి?"

ముసలాయన ఇంకా వీధికి వీపు పెట్టుకునే ఉన్నాడు.

"నేను గోడ వేస్తున్నన్నాళ్ళూ ఉన్నాయి. మధ్యాహ్నానికి అమ్మకాలైపోయేవి. పందిళ్ళు చుట్టేసి, బాల్చీలతో సముద్రపు నీళ్ళు కుమ్మరించేవాళ్ళు. ఈ చివర్నుంచి ఆ చివరికి సందంతా ఏరు. నేను పరంజీ మీదుండేవాణ్ణి. నా చేతి నీడ నా నెత్తి మీద పడేది." టోపీ తిప్పడం ఆపాడు. "పరంజీ విప్పేలోపు బల్లలెత్తి రేవు దగ్గర కొత్త షెడ్డులో పెట్టారు. నేను ఏటికి గోడ వేశాను. ఏరు పోయింది."

లింబానియా ఖాళీ బాల్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"నీళ్ళు!" ప్రాస్పెరో సందులోకి ఉరికాడు. "నీళ్ళు తీసుకురండి! ఉన్నవన్నీ తెండి!"

పైకి చూశాడు. గోడకీ గోడకీ మధ్య తీగల మీద దుప్పట్లు, చొక్కాలు, దిండు గలీబులు. ఆకాశం సగం గుడ్డలే. ఎండ వాటి సందుల్లోంచి ముక్కలుముక్కలుగా దిగుతోంది.

"సిన్యోరా! ఐదో అంతస్తు సిన్యోరా! ఆ దుప్పట్లు లోపలికి లాగండి!"

కిటికీలోంచి కొలంబా తల బయటికొచ్చింది. "ఏం, నా దుప్పట్లు నిన్ను కరిచాయా? ఇప్పుడే ఆరేశాను!"

"ఫొటోకి అడ్డం!"

"మూడు వారాల్నుంచీ ఏం చేస్తున్నావు, నిద్రపోతున్నావా? తడి దుప్పట్లు మంచం మీద పెట్టుకోవాలా నీ ఫొటో కోసం?"

"రేపు ఆరేసుకో కొలంబా!" లింబానియా కింది నుంచి అరిచింది. "రేపటికి గోడే ఉండదు!"

"లేకపోతే నాకేం బెంగ! తలకిందుల గోడ!"

"సిన్యోరా, ఒక్కసారి లాగండి," అన్నాడు ప్రాస్పెరో. "బాగా లేకపోతే నేనే పైకొచ్చి, నా చేతుల్తో మళ్ళీ ఆరేస్తాను."

"నువ్వా? ఆ మోకాళ్ళతో అయిదంతస్తులా?" సందంతా వినపడేలా నవ్వింది కొలంబా. "ఆ వేడుక చూడ్డానికైనా లాగాల్సిందే!"

తీగల చక్రాలు కీచుమన్నాయి. ఒక దుప్పటి వెనక్కి వెళ్ళింది. కొలంబాని చూసి పైవాళ్ళు, కిందివాళ్ళు, ఎదురింటివాళ్ళు, తిడుతూనే లాగారు. కూరగాయల బచీచా నీళ్ళ గొట్టం ఈడ్చుకొచ్చాడు. నీళ్ళు ఎవరబ్బ సొమ్మని, తోటకూరకి చల్లుకునేవి రాళ్ళకి పోయడమేమిటని గొణుగుతూ మరీ పట్టాడు. గొణగకుండా చేసిన మేలు ఆ ఊళ్ళో లెక్కలోకి రాదు. లింబానియా బాల్చీ తర్వాత బాల్చీ విసిరింది. రాళ్ళ మీద నీళ్ళు కలిశాయి, సందు ఈ చివర్నుంచి ఆ చివరికి ఒక్కటయ్యాయి.

ఆఖరి దుప్పటి లోపలికి వెళ్ళింది.

ఎండ దిగింది.

మొదట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సందు అడుగున ఏదో వెలిగించినట్టయింది, అంతే. తర్వాత ఆ వెలుగు గోడని పట్టుకుని పైకి పాకింది. మొదటి అంతస్తు గట్లు పొడుచుకొచ్చాయి. రెండో అంతస్తు స్తంభాలు గుండ్రంగా తిరిగాయి. పూలదండల్లోని పళ్ళు బరువెక్కి వేలాడాయి. ఇంకా పైకి. శంఖాల కడుపుల్లో వెలుగు నిండింది. ఏడో అంతస్తు చూరు కింద బొమ్మ దూలాలన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడి చూరుని భుజాన వేసుకున్నాయి. నీళ్ళు కదులుతున్నాయి కాబట్టి వెలుగూ కదిలింది. గోడంతా మెల్లగా ఊపిరి తీస్తున్నట్టుంది. రంగు, సున్నం అన్న మాటే లేదు. అంత రాతిని ఎవరు మోసుకొచ్చారో, అంత సన్నటి సందులోకి ఎలా తెచ్చారో అనిపించింది.

బచీచా చేతిలో గొట్టం తన కాళ్ళ మీదే కారుతోంది. అతను గొణగడం మరిచిపోయాడు.

"అమ్మో," అంది పైనుంచి కొలంబా, దుప్పటి గుండెకి హత్తుకుని.

ప్రాస్పెరో ముప్పై ఏళ్ళలో ఎన్నో ఉదయాలు చూశాడు. మంచు మీద గులాబి రంగు దిగడం చూశాడు. అప్పుడు కూడా ఇలా నిలబడి ఉన్నాడు, నోరు కొద్దిగా తెరుచుకుని, చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు. కొండకి వచ్చే వెలుగే ఇది. గోడ అని తెలిసి తగ్గించుకుని రాలేదు. ఊళ్ళో వెలుగుండదని ఇన్నాళ్ళూ చెప్పుకుని తిరిగినందుకు చెంపలు వేసుకోవాలనిపించింది.

"తియ్యండి!" లింబానియా అతని భుజం కుదిపింది. "తియ్యండి, పోతుంది!"

కెమెరా దగ్గరికి పరుగెత్తి నల్లగుడ్డ కప్పుకున్నాడు. కొండలు తీసేటప్పుడు అతని ఫొటోలో మనిషన్నవాడు ఉండకూడదు. కనుచూపు మేరలో గొర్రెల కాపరి కనబడినా పొమ్మని కేకలేసేవాడు. ఇప్పుడు అద్దం నిండా మనుషులే, కిటికీల్లోంచి సగం బయటికి వంగినవాళ్ళు, బాల్చీలు పట్టుకున్నవాళ్ళు. ఒక్కణ్ణి కూడా తప్పుకోమనలేదు.

చిత్రం ఏమిటంటే, మూడు వారాలుగా అద్దంలో మాత్రమే ఒప్పుగా కనబడ్డ నీడలు ఇప్పుడు అద్దం బయటా ఒప్పే. ఒప్పు బయటికి వచ్చేసింది.

లెన్సుని పైకి జరిపి, భూతద్దం పెట్టి మూడో అంతస్తు దగ్గర స్పష్టత చూసుకున్నాడు. అక్కడ ఒత్తావియా నిజం కిటికీ ఉంది, పచ్చ తలుపులు బిగించి. దాని పక్కన బొమ్మ కిటికీ, అవే పచ్చ తలుపులు, అంతే బిగించి. ఇన్నాళ్ళూ అంతే.

ఇప్పుడు బొమ్మ కిటికీలో ఎవరో ఉన్నారు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. తలుపు చెక్కల మీద రంగు కాదు, గీతలు. సున్నం తడిగా ఉండగా మేస్త్రీలు మేకుతో గీసుకునే గాట్లు. ముందునుంచి చూస్తే కనబడవు, పైనుంచి ఎండ పడితే పూడుకుపోతాయి. కింది నుంచి వెలుగు రాసుకుంటూ వెళ్తే మాత్రం ఒక్కో గాటూ నల్లగా తెరుచుకుంటోంది. గడ్డం అరచేతిలో ఆనించుకున్న ఒక పడుచు. మెడ మీద జడ ముడి, ఎడమ కంటి కింద చిన్న మచ్చ. కిందికి చూస్తోంది, సరిగ్గా పరంజీ మీద పనివాడు నిలబడే చోటికి.

మీట నొక్కాడు. ఫిల్ము చట్రం తిప్పి ఇంకోసారి నొక్కాడు. గుడ్డలోంచి బయటికి వచ్చేసరికి లింబానియా కూడా అటే చూస్తోంది.

"అది మా అమ్మ కాదు," అంది నెమ్మదిగా.

"కాదా?"

"ఆ కంటి కింద మచ్చ ఎవరిదో ఈ సందులో అందరికీ తెలుసు." గొంతు ఇంకా తగ్గించింది. "అది ఒత్తావియా."

ప్రాస్పెరో మూడో అంతస్తు నిజం కిటికీ వైపు చూశాడు. నలభై ఏళ్ళుగా మధ్యాహ్నం ఎండకి తలనొప్పని మూసుకునే కిటికీ. ఈ సందులో ఎండ ఏ కిటికీనీ ఏ వేళా ముట్టుకోదని ఇప్పుడే కదా కళ్ళారా చూశాడు. మరి ఆ మనిషి దేన్ని చూడలేక తలుపులు మూసింది? నీడలు తప్పని ఊరంతా నవ్వుతున్నప్పుడు, ఈ కిటికీలోంచే ఆ గోడ వెయ్యడం చూసి, అవి తప్పు కాదని తెలిసిన మనిషి ఈ ఇంట్లో ఒకావిడ ఉందన్నమాట. తెలిసే, దాన్ని పూడ్చెయ్యమంటోంది.

గడియ తీసిన చప్పుడైంది.

పచ్చ తలుపులు రెండూ బార్లా తెరుచుకున్నాయి. సిన్యోరా ఒత్తావియా గట్టు మీద మోచేతులు ఆనించి వంగింది. తెల్లజుట్టు, నల్ల శాలువా. పక్క బొమ్మ కిటికీలో అదే మనిషి పడుచుగా ఉంది. రెండు ముఖాలూ ఒకే చోటికి చూస్తున్నాయి. సందులో నీళ్ళు మోరీలోకి జారుతున్న చప్పుడొక్కటే.

"ఫొటో వచ్చిందా?" అని అడిగింది ఆవిడ. గట్టిగా కాదు.

"వచ్చింది, సిన్యోరా."

"నేనూ వచ్చానా అందులో?"

ప్రాస్పెరో రెండు కిటికీల వైపూ చూశాడు. "ఇద్దరూ వచ్చారు" అన్నాడు.

ఆవిడ తల పంకించింది. "సాయంత్రం నేను చెయ్యెత్తే ముందు నీకో సంగతి తెలియాలి. ఆ ఫొటో అందరికీ చూపిస్తావో చించేస్తావో, విన్నాక నువ్వే తేల్చుకో. పైకి రా. ఒక్కడివే."

మూడంతస్తుల మెట్లు. అతను ఫిల్ము చట్రాన్ని చొక్కా లోపల దోపుకుని గుమ్మం వైపు కదిలాడు. వెనక నుంచి ఒక చెయ్యి అతని మణికట్టుని పట్టుకుంది. ఎముకలు తప్ప ఏమీ మిగలని చెయ్యి, అయినా గోడల మేస్త్రీ పట్టు.

అంపేలియో ఎప్పుడు బయటికి వచ్చాడో ఎవరూ చూడలేదు. నలభై ఏళ్ళ తర్వాత తన గోడ ముందు నిలబడి ఉన్నాడు. గోడ మొత్తం అతని కోసమే వెలుగుతోంది. అతను దాన్ని చూడటం లేదు. మూడో అంతస్తులోని తెల్లజుట్టునే చూస్తున్నాడు.

"వెళ్ళకు నాయనా," అన్నాడు. "ఆ గోడ పోతే పోనీ. పసుపు పూసుకోనీ. ఆ మెట్లు మాత్రం ఎక్కకు. ఆవిడ చెప్పబోయేది బయటపడకూడదనే ఇన్నాళ్ళూ ఈ సందులో అడుగు పెట్టలేదు నేను."

సూర్యుడు సందు నెత్తిన ఒక అంగుళం పక్కకి తప్పుకున్నాడు. వెలుగు పై అంతస్తుల నుంచి ఒక్కో గట్టూ దిగుతూ వెనక్కి వస్తోంది. బొమ్మ కిటికీలో పడుచు ముఖం గీత తర్వాత గీతగా మూసుకుపోయి, మళ్ళీ పచ్చ చెక్కలైపోయింది.

పక్క కిటికీలో ముసలి ముఖం మాత్రం అలాగే ఉంది.